పెన్సిల్ గుర్తులున్న బైబిలు

సండే స్కూలు మాస్టారు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. జ్ఞాపకార్థ కూడిక అయ్యాక వాళ్లమ్మాయి ఆయన బైబిలు తెచ్చి అందరి ముందూ బల్ల మీద పెట్టింది. అట్ట తెరవగానే పాత పల్చటి కాగితం వాసన, అరిగిన తోలు వాసన, ఎక్కడో కొద్దిగా పెన్సిల్ చెక్క వాసన. ఆ ఒక్క వాసనతో ఆదివారం ఉదయాలన్నీ లేచి వచ్చాయి. వరసగా బెంచీలు, ఒకేసారి తిరిగే పుటల గలగల, "ఎవరికి దొరికింది? లేచి చదవండి" అనే ఆయన గొంతు.

ఆ బైబిల్లో పెన్ను గీత ఒక్కటీ లేదు, అంతా పెన్సిలే. బైబిలు కాగితం చాలా పల్చన, సిరా అవతలి పుటకు దిగుతుంది. బాల్‌పెన్ నొక్కితే రెండు పుటల కింద కూడా గాడి పడుతుంది. ఆయన చెప్పే కారణం ఇంకొకటి ఉండేది: ఇవాళ అర్థమైనట్టనిపించింది పదేళ్ల తర్వాత ఇంకా బాగా అర్థం కావచ్చు, అప్పుడు చెరిపి మళ్లీ రాసుకునే వీలుండాలి. అధ్యాయం అంకె పక్కన చిన్న టిక్కు అంటే ఒకసారి చదవడం అయిందని. కొన్ని అధ్యాయాల పక్కన ఆ టిక్కులు గడ్డిపరకల్లా గుంపుగా ఉన్నాయి. అర్థం కానిచోట ప్రశ్న గుర్తు. కొన్ని ప్రశ్న గుర్తులు సగం చెరిగిపోయి, వాటి మీదే వేరే వచనాల అంకెలు ఉన్నాయి.

హబక్కూకు 2:4, అంటే ఆ పుస్తకం రెండో అధ్యాయం నాలుగో వచనం పక్కన, మూడు అంకెల వరస ఉంది: రోమా 1:17, గలతీ 3:11, హెబ్రీ 10:38. నీతిమంతుడు విశ్వాసమూలంగా బ్రతుకుతాడన్న ఆ ఒక్క మాటను కొత్త నిబంధన మూడుచోట్ల ఎత్తి చెబుతుంది. రోమా 1:17 దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ మళ్లీ "హబ 2:4" అని వెనక్కి చూపించే గుర్తు. ఇలా రెండు వైపులా రాసుకోవాలని పట్టుబట్టేవారు. ఒకవైపే రాస్తే, రెండో చోట చదువుతున్న రోజున మొదటిది గుర్తుకు రాదు.

తేదీ ప్రకారం కీర్తనలు

మాస్టారి కంటే ముందు వాక్యం చెవిన పడింది అమ్మమ్మ గొంతులో. ఇంకా ఎవరూ లేవకముందే ఆమె చదివేది, పైకే చదివేది. పెదాలు మాత్రం కదిపి చదివితే కళ్లు పరుగెత్తిపోతాయని, మనసు ఎటో వెళ్లిపోతుందని అనేది. ఆ మాట నిజం. పైకి చదివేటప్పుడు వేగం బాగా తగ్గుతుంది, మాట మింగేస్తే తన చెవికే తెలిసిపోతుంది.

ఆమె లెక్క తేదీ మీద నడిచేది. పన్నెండో తేదీ అయితే 12వ కీర్తన, దానికి ముప్పై కలిపి 42, మళ్లీ ముప్పై కలుపుతూ 72, 102, 132. రోజుకు అయిదు. ముప్పై రోజులు తిరిగేసరికి 150 కీర్తనలూ అయిపోతాయి. ఇందులో చిక్కు ఒక్కచోటే. ఇరవై తొమ్మిదో తేదీన 119వ కీర్తన వస్తుంది, అది 176 వచనాలు. అందుకని ఆ రోజు దాన్ని పక్కన పెట్టి 29, 59, 89, 149 మాత్రమే చదివేది. 119ని ముప్పై ఒకటో తేదీకి దాచేది. ముప్పై ఒకటి లేని నెలల్లో దాన్ని ముక్కలు చేసేది. ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ హెబ్రీ అక్షరాల వరసన అది ఎలాగూ 22 భాగాలుగా ఉంది, ఒక్కో భాగానికి ఎనిమిది వచనాలు. రోజూ మధ్యాహ్నం ఒక భాగం చదివితే 22 రోజుల్లో అయిపోతుంది. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి వాటికి లెక్కే అక్కర్లేదు, ఏ తేదీకి ఆ అధ్యాయం.

తేదీ ప్రకారం చదవడంలో ఉన్న మేలు, మనకు నచ్చినవే ఏరుకునే వీలు లేకపోవడం. 23, 91, 121 అందరికీ ఇష్టమే. వాటి మధ్యలో 88వ కీర్తన కూడా వరసలో వస్తుంది. అది మొరతో మొదలై చీకటితోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు ఉండదు, చాలా విలాప కీర్తనల్లా స్తుతి వైపు తిరగదు. ఇంట్లో అందరూ నవ్వుతున్న రోజున కూడా అమ్మమ్మ దాన్ని వదిలేది కాదు. "ఇవాళ నాది కాకపోతే ఇంకెవరిదో అవుతుంది, వాళ్ల కోసం చదువుతాను" అనేది. ఆ ఇంటికి నిజంగా కష్టం వచ్చిన రోజున ఆమె కొత్తగా మాటలు వెతుక్కోవలసిన పని పడలేదు. ఏళ్ల తరబడి వరసలో చదివిన కీర్తనలే ప్రార్థనగా నోట వచ్చాయి. బాగున్న రోజుల్లో చదువుకున్నదే బాగాలేని రోజుల్లో పనికొస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఏడాదిలో బైబిలంతా

కొత్త సంవత్సరపు ఆరాధన అవగానే సంఘంలో అందరికీ ఉత్సాహం పొంగేది. ఈ ఏడాది ఆదికాండం నుంచి ప్రకటన దాకా చదివేస్తామని చేతులెత్తేవాళ్లు. మాస్టారు నల్లబల్ల మీద లెక్క వేసి చూపించేవారు. పాత నిబంధన 929 అధ్యాయాలు, కొత్త నిబంధన 260, మొత్తం 1,189. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చదివితే 939, 260 కలిసి ఏడాదికి 1,199. అంటే పది అధ్యాయాల వెసులుబాటు మిగులుతుంది. జ్వరం వచ్చిన మూడు రోజులు అందులోనే సర్దుకుంటాయి. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ మర్రే మెక్‌చేన్ అనే పాస్టరు 1842లో తన సంఘం కోసం వేసిన పట్టిక గురించి కూడా చెప్పేవారు. అందులో రోజూ నాలుగు వేర్వేరు చోట్ల నుంచి చదువుతారు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసిసార్లు అవుతాయి. అలవాటున్నవాళ్లకు మంచిదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నాలుగు చోట్ల మనసు నిలపడం కష్టం, ఒక్క దారిలోనే నడవమనేవారు.

జనవరిలో చేతులెత్తినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో ఆయనకు ముందే తెలుసు. ఆదికాండం కథలా సాగిపోతుంది. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం దాకా ఊపిరి బిగబట్టి చదువుతారు. ఇరవై అయిదు నుంచి మందిరపు కొలతలు, తెరలు, కొలుకులు, దిమ్మలు. ముప్పై అయిదు నుంచి వాటినే చేసిన వైనం మళ్లీ వస్తుంది. అక్కడ వేగం తగ్గుతుంది. లేవీయకాండంలో బలుల దగ్గర ఒక రోజు తప్పుతుంది, రెండో రోజు ఆరు అధ్యాయాల బాకీ, మూడో రోజు తొమ్మిది. ఆ బాకీయే మనిషిని బైబిలు ముట్టుకోనివ్వదు. చదవడం ఇష్టం లేక మానేసేవాళ్లు తక్కువ, బాకీకి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ.

ఆయన చెప్పిన మందు సూటిగా ఉండేది. తప్పిన రోజును తప్పిన రోజుగానే వదిలేసి ఇవాళ్టి భాగం చదవాలి. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంచాలి. తీరిక దొరికిన రోజున నింపుకోవచ్చు, దొరక్కపోతే వచ్చే ఏడాది ఆ అధ్యాయాలు మళ్లీ ఎలాగూ వస్తాయి.

లేవీయకాండానికి వేరే పద్ధతి ఉండేది. ఆ బలుల అర్థం చెప్పే హెబ్రీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 9, 10 అధ్యాయాలు పక్కన తెరిచి పెట్టుకుని చదవమనేవారు. మొదటి ఏడు అధ్యాయాల్లో బలులు అయిదు రకాలు: దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. ఒక్కోదానిలో ఏది పూర్తిగా కాలుస్తారు, ఏది యాజకుడికి పోతుంది, ఏది తెచ్చినవాడు కూడా తింటాడు అని గీతలు గీసి రాయించేవారు. ఆ గడులు నిండాక ఆ పుస్తకం విసుగనిపించదు. పదహారో అధ్యాయం, ప్రాయశ్చిత్త దినం, నెమ్మదిగా రెండుసార్లు. ఇక పందొమ్మిదో అధ్యాయం పద్దెనిమిదో వచనం దగ్గర పిల్లలందరూ ఆగిపోయేవాళ్లు. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెనని యేసు ప్రభువు ఎత్తి చెప్పిన మాట అక్కడిది. జనం దాటేసి వెళ్లే పుస్తకంలో అది ఉంది.

ఉత్తరాన్ని ఉత్తరంలా

మాస్టారి తరగతిలో అన్నిటికంటే మేలు చేసింది ఒకటుంది. పత్రికను ఒక్కసారి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివించడం. ఫిలిప్పీయులకు రాసినది నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. పైకి చదివితే పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నెలంతా వారం వారం అదే పత్రిక, మొత్తం. అపొస్తలుడైన పౌలు అధ్యాయాలు వేసి రాయలేదు, అవి చాలా తర్వాత వచ్చాయి. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దపు ఇంగ్లాండు ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ పేరు మీద ఉంది. కొత్త నిబంధనలో మనం చూసే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి అవి ఎంతో సాయం. కానీ అధ్యాయం అయిపోయింది కదా అని అక్కడ ఆపేస్తే, ఒక్కోసారి విషయం మధ్యలోనే తెగిపోతుంది. శ్రమపడే సేవకుని గురించిన యెషయా 53 అందరికీ తెలుసు. ఆ సేవకుని గురించిన మాట నిజానికి 52:13లోనే మొదలవుతుంది. 1 కొరింథీ 11వ అధ్యాయపు మొదటి వచనం పదో అధ్యాయానికి ముగింపు.

మొదటి వారం ఫిలిప్పీ పత్రికలో ఏమీ వెతకవద్దనేవారు, వినమనేవారు అంతే. రెండో వారం కాగితం నాలుగు మడతలు పెట్టి నాలుగు గడుల్లో రాయాలి: రాసింది ఎవరు, ఎక్కడి నుంచి, ఎవరికి, ఎందుకు. జవాబులు పత్రికలోంచే రావాలి. మొదటి అధ్యాయంలో "నా బంధకములు" అన్న మాట దొరుకుతుంది. రెండులో ఎపఫ్రొదితు జబ్బు, నాలుగులో అతని చేత వాళ్లు పంపిన సాయం. మూడో వారం మళ్లీ మళ్లీ వచ్చే మాటల కింద గీత. సంతోషం, ఆనందించుడి అన్న మాటలు పుట పుటకీ తగులుతాయి, అదీ సంకెళ్లలో ఉన్న మనిషి ఉత్తరంలో.

నాలుగో వారం ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, నాలుగో అధ్యాయంలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు ఉన్నారు కదండీ, వాళ్లకు పడట్లేదనేనా రెండో అధ్యాయంలో ఏకమనస్సు గురించి అంతగా చెప్పింది?" అని అడిగింది. ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు. "చూశారా, నేను చెప్పలేదు. వాక్యమే చెప్పింది" అన్నారు. క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్న ఆ గొప్ప భాగం గాలిలో వేలాడే సిద్ధాంతం కాదు. మనసులు కలవని ఇద్దరు సహోదరీలున్న సంఘానికి రాసిన మాట అది. రోజుకో వచనం చొప్పున ఏరుకుని చదివితే ఇది జీవితాంతం చదివినా కనబడదు.

నన్ను బలపరచువానియందే సమస్తమును చేయగలను అనే నాలుగో అధ్యాయం పదమూడో వచనం కూడా అంతే. దానికి ముందు రెండు వచనాలు కలిపి చదివితే, ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని చెబుతున్నాడు పౌలు. గెలుపు గురించి కంటే ఓర్పు గురించిన మాట.

వాగ్దానం ఎవరి నోటిది

"నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." ఈ వచనం లేని విశ్వాసి ఇల్లు అరుదు, గోడ మీదో క్యాలెండరు మీదో ఉంటుంది. మాస్టారి బైబిల్లో యోబు 8:7 పక్కన చిన్న అక్షరాలతో "బిల్దదు మాట. 42:7 చూడు" అని ఉంది. ఆ మాట పలికింది దేవుడు కాదు, యోబు స్నేహితుడు. మూడు వచనాల ముందు అదే నోటితో, నీ పిల్లలు చేసిన పాపమే వాళ్లను పట్టుకుందన్నట్టు మాట్లాడాడు. పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి ముఖం మీదే. చివరికి 42:7లో, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడే ఆ స్నేహితుల మీద కోపగించాడు.

ఈ వచనాన్ని ఆసరాగా పట్టుకుని కష్టం దాటినవాళ్లను ఆయన ఎప్పుడూ చిన్నబుచ్చలేదు. యోబు చివరి స్థితి నిజంగానే మొదటిదానికంటే మేలైంది, దేవుడు రెండంతలు ఇచ్చాడు, 42:10లో ఉంది, దాన్ని పట్టుకోండి అనేవారు. మూడు ప్రశ్నలు మాత్రం ఏ వాగ్దానానికైనా వేయమనేవారు: ఎవరు పలికారు, ఎవరితో పలికారు, దానికి ముందూ వెనకా ఏముంది. మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అనే యిర్మీయా 29:11ను ఇష్టపడనివాళ్లు ఎవరు! దాని ముందు వచనంలోనే బబులోను చెరలో డెబ్బై ఏళ్లు ఉండాలని ఉంది. ఆ డెబ్బై ఏళ్లు తీసేస్తే వచనం తేలికైపోతుంది, ఉంచితే ఎక్కువ బలాన్నిస్తుంది.

కంఠత

వారానికి ఒక్క వచనమే. ఎక్కువ అడిగినా ఇచ్చేవారు కాదు. పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు అంకె, తర్వాత వచనం, చివర మళ్లీ అంకె. అంకె రాకపోతే వచనం వచ్చినా టిక్కు పడేది కాదు, ఎందుకంటే అవసరమైన రోజున ఎక్కడుందో తెరిచి చూపించలేం, చుట్టుపక్కల చదువుకోలేం. వచనాన్ని ఊపిరి తీసే చోట ముక్కలు చేసి, మొదటి ముక్క పట్టుబడ్డాకే రెండోది. చేత్తో రాయాలి. ఏడు రోజులూ రోజుకోసారి, తర్వాత నెల పాటు వారానికోసారి, ఆపైన నెలకోసారి. ఈ మూడో మెట్టు దగ్గరే అందరూ వదిలేస్తారు. పోటీల కోసం వారం రోజుల్లో యాభై వచనాలు బట్టీపట్టినవి బహుమతి ఇంటికి వచ్చేలోపే పోతాయి. పిల్లలకు బహుమతులిచ్చే పెద్దలు ఈ సంగతి పట్టించుకోవాలి. పోటీ పెట్టండి, ఆరు నెలల తర్వాత అవే వచనాలు మళ్లీ అడగండి.

నాలుగో గీత

రోజూ చదివాక నోట్‌బుక్కులో నాలుగే గీతలు. దేవుని గురించి ఏం తెలిసింది? మనిషి గురించి ఏం తెలిసింది? ఈ భాగంలో విడిచిపెట్టమన్నది, చేయమన్నది ఏదైనా ఉందా? ఇవాళ దీన్నిబట్టి చేసే పని ఏమిటి? మూడు గీతలూ ఎవరైనా నింపేస్తారు, నాలుగో దగ్గరే అసలు కథ. యాకోబు మొదటి అధ్యాయం చదివిన రోజున ఒకబ్బాయి "కోపం తగ్గించుకోవాలి" అని రాశాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "ఎప్పుడు, ఎవరి మీద, నాయనా?" అని అడిగారు. అబ్బాయి ఆలోచించి, "ఇవాళ తమ్ముడు నా వస్తువు తీస్తే అరవకుండా ముందు వాడు చెప్పేది వింటాను" అని దిద్దాడు. "ఇప్పుడు సరిపోయింది. రాత్రి పడుకునేముందు చేశావో లేదో నీకే తెలుస్తుంది" అన్నారు. సాయంత్రానికి అవును, కాదు అని చెప్పగలిగేదే నాలుగో గీత. చెప్పలేనిది మంచి ఉద్దేశం మాత్రమే.

ఆత్మీయ ఎదుగుదలను ఆయన అధ్యాయాలతో కొలిచేవారు కాదు. గలతీ 5:22, 23లో ఆత్మఫలం తొమ్మిది మాటల్లో ఉంది. సంవత్సరం చివర ఆ తొమ్మిదీ రాసుకుని, ఇంట్లో మనల్ని బాగా ఎరిగినవాళ్లను అడగమనేవారు: ఇందులో ఏది పెరిగినట్టు కనిపిస్తోంది, ఏది అలాగే ఉంది? మనకు మనం వేసుకునే మార్కుల కంటే వాళ్లు చెప్పేది నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇది చాలా కష్టమైన పని. చేసినవాళ్లు మారడం చూశాం.

ఇప్పుడు లేనివి

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అందరూ గుండ్రంగా కూర్చుని తలా ఒక వచనం చదివేవాళ్లు. చిన్నపిల్లల వంతు రాగానే వేగం సగానికి సగం తగ్గేది. కూడబలుక్కుంటూ చదువుతుంటే పెద్దలెవరూ అందించేవారు కాదు, ఆగి వినేవాళ్లు. ఆ ఆగడంలోనే పెద్దలకూ వచనం ఎక్కేది. చదివాక తండ్రి ఒక్క ప్రశ్న అడిగేవాడు, ప్రసంగం చేసేవాడు కాదు. పది నిమిషాల్లో ముగిసేది కాబట్టే ఏళ్ల తరబడి సాగింది. గంట పెట్టిన ఇళ్లలో నెల తిరక్కుండానే ఆగిపోయింది. తన శిష్యుడు తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. ఇల్లే మొదటి తరగతి అని ఆ రోజుల్లో ఎవరూ వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు బైబిలు ఫోన్లో ఉంది. వెతకడానికి దానికి సాటి లేదు. కళ్లు కనిపించని పెద్దలకు చదివి వినిపించే ఆడియో బైబిలు నిజంగా దేవుడిచ్చిన వరం. రోజువారీ చదువుకు మాత్రం కాగితమే మేలని గట్టిగా అనిపిస్తుంది. ఎడమ పుటలో కింద, కుడి పుటలో పైన అని వచనం ఉన్న చోటు కంటికి గుర్తుండిపోతుంది. ఫోన్లో ఆ చోటు ఉండదు, పైగా చదువు మధ్యలో ఎవరిదో మెసేజ్ వచ్చి పడుతుంది. ఫోనే గతి అయితే ఇంటర్నెట్ ఆపేసి, ఒక పుస్తకం పూర్తయ్యేదాకా అదే పుస్తకంలో ఉండడం మంచిది.

రుచి లేని రోజులు

వాక్యం తెరిచినా ఏమీ తగలని వారాలు అందరికీ వస్తాయి. దానికి మాస్టారి దగ్గర సిద్ధంగా ఓ వరస ఉండేది. మానొద్దు, తగ్గించండి: మూడు అధ్యాయాల చోట పది వచనాలు. మౌనంగా చదువుతుంటే పైకి చదవండి. పైకి చదువుతున్నా పట్టకపోతే చేత్తో రాయండి, పది వచనాలు రాయడానికి పావుగంట చాలు. ఒంటరిగా చదువుతుంటే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ధర్మశాస్త్రంలో (మొదటి అయిదు పుస్తకాల్లో) ఉంటే సువార్తకు వెళ్లి రండి. ఇవన్నీ చేసినా మారకపోతే, చదివిన మాటకు లోబడకుండా పక్కన పెట్టినది ఏదైనా ఉందేమో వెనక్కి వెళ్లి నాలుగో గీతలు చూసుకోండి. ఒంట్లో బాగోలేకపోవడం, నిద్ర లేకపోవడం కూడా కారణమే. దాన్ని పాపమని అనుకోవద్దనేవారు. ప్రవక్త ఏలీయా చనిపోతే మేలనుకున్న రోజున దేవుడు ముందు నిద్రపోనిచ్చి, తినడానికిచ్చి, ఆ తర్వాతే మాట్లాడాడు, 1 రాజులు 19 చదవండి అని చెప్పేవారు.

కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం ఆదికాండంతో మొదలుపెట్టించేవారు కాదు. మార్కు సువార్త, 16 అధ్యాయాలు, రోజుకొకటి. అది అన్ని సువార్తల్లోకీ చిన్నది. తర్వాత ఆదికాండం మొత్తం, నిర్గమకాండం ఇరవై దాకా. ఆ తర్వాత యోహాను, అపొస్తలుల కార్యములు, ఫిలిప్పీ, యాకోబు, దాని వెనక రోమా. వీటన్నిటి పక్కనా రోజుకొక కీర్తన. మొత్తం రోజుకొక అధ్యాయం చొప్పున అయిదారు నెలల పని. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని పౌలు వాపోయే రోమా పత్రిక ఏడో అధ్యాయం దగ్గర ఎవరైనా దిగులుగా ఆపేస్తే, "అక్కడ ఆగకండి, ఎనిమిది కూడా ఇవాళే చదివేయండి" అని ఆ ఒక్కచోట మాత్రం రోజుకొక అధ్యాయం అన్న తన నియమాన్ని తానే సడలించేవారు.